నిమ్మ వాత

వైరా,
24 మార్చి 2024

తమ్ముడు అప్పయ్యకు,

అక్క దీవెనలు. చెవులు తప్ప ఇక్కడ అన్నీ బాగున్నాయి. మొన్న నువ్వు ఫోన్ చేస్తే నీ అల్లుడు కృష్ణ తెచ్చి నా చెవికి ఆనించాడు. పావుగంట మాట్లాడావట. నాకు వినిపించింది మాత్రం సీసాలో పడ్డ ఈగ రొద. అందుకే మళ్లీ చెబుతున్నాను, నాతో మాట్లాడాలనుకుంటే కాగితం మీదే మాట్లాడు. పోస్టాఫీసు ఇంకా మూసెయ్యలేదు.

మీ బావగారి పేరున బస్టాండు దగ్గర ఈ ఏడు కూడా చలివేంద్రం వేశాం. ఎండలు అప్పుడే మండిపోతున్నాయి. సత్తుపల్లి బస్సు దిగినవాళ్లు ముందు నీళ్ల కోసం చూసి, ఆ తర్వాత సామాన్లు దించుకుంటున్నారు. పెరట్లో నిమ్మచెట్టు విరగకాసింది కదా, ఊరికే పక్కవాళ్లకు పంచేబదులు పొద్దునపూట నిమ్మనీళ్లు ఇస్తున్నాం. నేను వంటింట్లో పీట వేసుకుని కాయలు కోస్తాను. నీ కూతురు పిండుతుంది. ఆ రసం డబ్బా స్కూటీ మీద పెట్టుకుని తనే బస్టాండుకు తీసుకెళ్లి, కుండల్లో కలిపి, మధ్యాహ్నం దాకా అక్కడే గ్లాసులు అందించి వస్తుంది. అంతవరకు బంగారు తల్లే.

కానీ ఆ పిండడం చూస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది. కాయను ముందు అరచేతి కింద పెట్టి నేలమీద దొర్లించాలి. మెత్తబడ్డాక అడ్డంగా కోయాలి. కత్తిమొనతో గింజలు తీసేసి, రెండు నొక్కులు నొక్కి వదిలేయాలి. ఆఖరి చుక్క మనది కాదు. దానికోసం ఆశపడితే తొక్కలో చేదంతా రసంలోకి దిగుతుంది. ఇది అమ్మ నాకు నేర్పింది, నేను దానికి నేర్పుతున్నాను. అది వింటేనా! నిలువునా కోస్తుంది. పిడికిట్లో పెట్టి తొక్క తిరగబడేదాకా పిసుకుతుంది. ముంజేతుల మీదుగా మోచేతుల దాకా కారుతుంటుంది. "పారేసేదే కదా అత్తా, గంత రసం దాంట్ల ఎందుకు ఉంచాలె?" అంటుంది. పట్టు నీదే, మొండితనమూ నీదే.

పైగా చేతులు కడుక్కోదు, అలాగే స్కూటీ ఎక్కేస్తుంది. నిమ్మచేత్తో గడప దాటకండి, గాలి సోకుతుంది అని అమ్మ మన వెంటపడి మరీ అరిచేది, గుర్తుందా? ఆ మాట చెబితే పకపకా నవ్వుతుంది. నిన్న ఇక పట్టలేక, "ఈసారి తొక్క దాకా పిసికావంటే అట్లకాడ కాల్చి చేతిమీద వాత పెడతానే" అన్నాను. వాత పెడితే గాని దానికి బుద్ధి రాదురా.

ఆ రసంతోనే పాకం పట్టి ఒక సీసా భద్రాచలం బస్సులో పంపుతున్నాను. చేరిందో లేదో రాయి. మరదలి మోకాలు ఎలా ఉంది?

నీ అక్క
సుబ్బరత్నం


దుమ్ముగూడెం,
3 ఏప్రిల్ 2024

అక్కయ్యకు,

అప్పయ్య నమస్కారాలు. సీసా చేరింది. నాగలత గ్లాసు నిండా కలిపి ఇచ్చింది. నిజం చెబితే తిడతావు గానీ, వేపాకు రసం తాగినట్టుంది. సగంలో గ్లాసు దించబోతే, "మీ అక్కగారు ప్రేమతో పంపింది కదా, మొత్తం తాగుండ్రి" అని ఎదురుగా నిలబడింది. ఆడపడుచు మీద కక్ష అంతా నామీద తీర్చుకుంది.

గాలి, ధూళి నువ్వింకా వదల్లేదా అక్కయ్యా? అమ్మంటే చదువుకోలేదు. నిమ్మకాయకీ గడపకీ గాలికీ ఏమిటి సంబంధం? నా ఎరువుల దుకాణానికి వచ్చేవాళ్లతో రోజూ ఇదే గొడవ. మిర్చికి తెగులొస్తే మందు కొట్టరు, చేను గట్టున నిమ్మకాయలు కడతారు. పంట పోయాక వచ్చి నా బల్లమీద తల పెట్టుకుని ఏడుస్తారు. నా కూతురి బుర్రలోకి మాత్రం ఇవి ఎక్కించకు. అది నవ్విందంటే నాకు సంతోషంగా ఉంది.

గోదావరి సన్నబడిపోయింది. ఇసుక మీద నడుచుకుంటూ సగం నది దాటొచ్చు. ఈ నవమికి రాజ్యశ్రీని పంపు. పెళ్లయ్యాక ఒక్క కల్యాణానికీ మాతో లేదు. ముగ్గురం కలిసి భద్రాచలం వెళ్లాలని వాళ్లమ్మ ఆశ.

ఇంకో మాట. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. మొన్న ఫోన్‌లో పిల్ల గొంతు డీలాగా ఉందట. "అత్త ఊకె తిడతాంది అమ్మా" అందట. కూతుళ్లు తల్లులతో చెప్పుకునేవన్నీ మనం పట్టించుకోకూడదనుకో. అయినా నాగలత రెండు రోజులుగా అదే పాట పాడుతోంది. కాస్త చూసుకో.

నీ తమ్ముడు
వెంకటప్పయ్య


వైరా,
12 ఏప్రిల్ 2024

అప్పయ్యకు,

దీవెనలు. చేదని నాకు రాశావు కదా, పిండింది నీ కూతురు. ఆ మాట దాని ముందే చదివాను. మూతి మూడు వంకరలు తిప్పి లేచిపోయింది. ఆ రోజు నుంచి నాతో సైగలతోనే కాపురం. చెవిటిదానితో అలిగేవాళ్లకు ఒక సుఖం ఉందిలే, వేరే మాట్లాడటం మానక్కర్లేదు.

అవును, తిడుతున్నాను. తిట్టకపోతే అది నాకు కోడలవుతుంది గానీ మేనకోడలు కాదు. వేసవి సెలవుల్లో వచ్చినప్పుడు నా చీర కొంగు వేలికి చుట్టుకుని పడుకునేది. ఆ పిల్లను పెళ్లవగానే కుర్చీలో కూర్చోబెట్టి 'అమ్మాయిగారూ' అనమంటావా? అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అని మరదలికి చెప్పు. ఆవిడ అత్త లేకుండానే కాపురం వెళ్లదీసింది, ఆవిడకేం తెలుసు? ఈ వాక్యం చదివి వినిపించకు.

నవమికి పంపలేను. భద్రాచలం వెళ్లే జనమంతా మన బస్టాండులోనే దిగి ఎక్కుతారు. ఆ వారం నిమ్మనీళ్లకు తోడు పానకం కూడా ఉంటుంది. నా మోకాళ్లతో నేను వెళ్లి నిలబడలేను. రాజ్యశ్రీ కూడా, "నేను పోతే కుండలు ఎవరు చూస్తరు?" అని తనే అంది, అలకలో ఉండి కూడా. మే మొదటి వారంలో కృష్ణ తీసుకొచ్చి దించుతాడు. నెల రోజులు ఉంచుకోండి.

నీ అక్క
సుబ్బరత్నం


దుమ్ముగూడెం,
6 మే 2024

సుబ్బరత్నం గారికి,

నిన్న మీ అబ్బాయి మా అమ్మాయిని గుమ్మంలో దించి, మంచినీళ్లు కూడా ముట్టకుండా బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. అంత తొందరేమిటో అప్పుడు అర్థం కాలేదు.

అన్నం దగ్గర పిల్ల చేతులు చూశాం. పొడుగు చేతుల జాకెట్టు వేసుకొచ్చింది, వడ్డించబోతే పైకి జరిగింది. నాగలత చేతిలో గిన్నె జారిపోయింది. నేను వివరంగా రాయను, రాయలేను. చేసినవాళ్లకు నేను వర్ణించి చెప్పాలా?

"ఏందమ్మా ఇది?" అని అడిగాను. "ఏమో నాన్నా, నాకు తెల్వదు. గిట్ల అయితాంది" అంది. తన చేతులకు ఏమైందో తనకు తెలియదంటే నమ్మేంత వెర్రివాణ్ణి కాను. "నూనె పడ్డదా? కుక్కర్ తగిలిందా?" అని వాళ్లమ్మ అడిగింది. "లేదు" అంది. మా ఊరి ఆరెంపీ డాక్టరు చూడగానే, "కాలిందే సార్, ఏం డౌట్ లేదు" అన్నాడు.

మార్చిలో మీరు రాసిన ఉత్తరం మళ్లీ తీసి చదివాను. అప్పుడు నవ్వుకున్నాను. అన్నంత పనీ చేశారు. సొంత తమ్ముడి కూతురిని, మీ కొంగు పట్టుకుని పడుకున్న పిల్లను.

దీనికి మీరేం చెబుతారో రాయండి.

వెంకటప్పయ్య


వైరా,
11 మే 2024

అప్పయ్యా,

'గారు' ఏమిట్రా? మీ బావగారు పోయినప్పుడు కూడా నన్ను అంత దూరం నిలబెట్టలేదు నువ్వు.

కృష్ణ మంచినీళ్లు తాగకుండా వచ్చాడంటే వాడికి ఎన్నికల డ్యూటీ శిక్షణ ఉంది. స్కూలు టీచర్లందరికీ ఉంది. ఆలస్యమైతే మెమో ఇస్తారు. దానికీ అర్థాలు తీశావా?

ఇక చేతుల సంగతి. చూశావు కదా, బాగా చూడు. నేనూ చూశాను ఇక్కడ, కమిలి ఉన్నాయి. పనిచేసే చేతులు కమలవా? నేను చేసినదాన్ని దాచుకునే మనిషిని కాను. అవును, చేశాను. అన్నంత పనీ చేశాను. చెబితే వినని పిల్లకు అలా కాకపోతే ఎలా బుద్ధి వస్తుంది? కందకుండా, కాలకుండా వంటింట్లో ఎవరికి పనొచ్చింది? అమ్మ నా విషయంలో ఇంతకు రెండింతలు చేసింది. నాన్న ఏనాడైనా అడ్డొచ్చాడా? నేను మీ ఇంటికి వచ్చి ఏడ్చానా? దాని మంచికే చేశాను. మళ్లీ వచ్చాక మళ్లీ చేస్తాను.

నాలుగు రోజులు పనిలో పెడితేనే నీకు ఇంత రోషం వస్తే, పెళ్లి చేయకుండా దుకాణంలో గల్లా పెట్టె మీద కూర్చోబెట్టుకోవలసింది.

ఇదంతా మరదలు నీ వెనక నిలబడి రాయించిందని నాకు తెలుసు. కోపం దిగాక నీ అంతట నువ్వు రాయి.

సుబ్బరత్నం


దుమ్ముగూడెం,
23 మే 2024

సుబ్బరత్నం గారికి,

మీ ఉత్తరం పెద్దమనుషుల్లో చదివించాను. 'దాని మంచికే చేశాను, మళ్లీ చేస్తాను' అన్నచోట పగిడయ్యగారు చదవడం ఆపి కళ్లజోడు తీసేశారు. "రాతలో ఒప్పుకున్నంక ఇంక పంచాయితీ ఏందయ్యా? స్టేషనుకు పో" అన్నారు. వెళ్లాను. కోడలి చేతులకు అట్లకాడతో వాతలు పెట్టారని ఫిర్యాదు ఇచ్చాను. మీ రెండు ఉత్తరాలూ జతచేశాను.

మీ అబ్బాయి ఎన్నికలు అయిన మర్నాడే వచ్చాడు. పెళ్లాన్ని పంపమన్నాడు. పంపను అన్నాను. "మామయ్యా, మా అమ్మ గట్లాంటి మనిషి కాదు, నీకు తెల్వదా?" అని దుకాణం మెట్ల మీద నిలబడి నన్నే అడిగాడు. మా బావమరిది కొడుకు నాని ముందుకొచ్చి చెయ్యి చేసుకున్నాడు. తర్వాత ఇంకో ఇద్దరు కలిశారు. నేను ఆపలేదు. అది కూడా దాచకుండా రాస్తున్నాను. ఆ సమయంలో నాకు పిల్ల చేతులే కనపడుతున్నాయి. చర్మం పొంగి, గీతలు గీతలుగా, మణికట్టు నుంచి మోచేతి దాకా ముదురు గోధుమరంగు చారలు. అట్లకాడ ఎంత వెడల్పుంటుందో నాకు తెలియదా?

రాజ్యశ్రీ పరుగెత్తుకొచ్చి మధ్యలో నిలబడింది. "అత్త నన్నేం చెయ్యలే నాన్నా, వాత లేదు ఏం లేదు, ఆయన్ని ఇడువుండ్రి" అని అరిచింది. కాలిన చేతులు అడ్డం పెట్టి మిమ్మల్నే కాపాడుతోంది. ఆ పిల్లను ఎంత భయపెట్టి ఉంటే అలా మాట్లాడుతుంది! ఫోన్ కూడా తీసుకుని బీరువాలో పెట్టాను. మీవాళ్లెవరూ దాన్ని మళ్లీ బెదిరించే పని లేదు.

ఇక మీకూ నాకూ మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. ఏమన్నా ఉంటే స్టేషనులో చెప్పుకోండి.

వెంకటప్పయ్య


వైరా,
28 మే 2024

అప్పయ్యా,

వాతలా?

ఆ మాట చదివాకే నువ్వు ఈ నెల మొదట్లో దేని గురించి రాశావో తెలిసింది. కృష్ణ పగిలిన పెదవితో వచ్చి, "ఏదో గొడవైందమ్మా" అన్నాడే గానీ ఈ మాట నా చెవిన వేయలేదు. నా చెవిటితనాన్ని వాడు మొదటిసారి వాడుకున్నాడు. కానిస్టేబులు గుమ్మంలో నిలబడి ఏదో అడుగుతుంటే, నేను వినపడక చలివేంద్రం పర్మిషన్ కాగితం తెచ్చి చూపించాను. వాడు నా మొహం అదోలా చూశాడు.

నేను 'చేశాను' అన్నది పని చేయించానని. కాయలు కోయించాను, పిండించాను, చెప్పినట్టు పిండకపోతే తిట్టాను. నాకు తెలిసిన పాపం అంతే. ఆ చేతులకు ఏమైందో నాకూ తెలియదు. ఎండకు కమిలాయనుకున్నాను.

నిన్న నేనే చలివేంద్రం దగ్గరికి వెళ్లాను. రాజ్యశ్రీ లేదు, కృష్ణ బయటకు రావడం లేదు, కుండలు ఎండిపోతున్నాయని. పక్క దుకాణం కుర్రాడితో నీళ్లు పోయించి, నిమ్మరసం నా చేత్తో కలిపాను. మిట్టమధ్యాహ్నం బస్సు దిగిన ఒకామె చంకలో పిల్లతో వచ్చింది. పిల్ల పెదాలు ఎండిపోయి ఉన్నాయి. గ్లాసు అందించాను. పిల్ల చెయ్యి చాపింది. ఆమె వెనక ఎవరో ఏదో చెప్పారు. తల్లి పిల్ల చెయ్యి వెనక్కు లాగేసుకుంది. నాకు వినపడలేదు, పెదాలు చూసి పోల్చుకున్నాను: "గామె చేతి నీళ్లు తాగకు బిడ్డా, కోడలి చేతులు కాల్చింది గామెనే." పక్కన సీసా కొని పట్టించింది. సాయంత్రం దాకా కూర్చున్నాను. తెలియనివాళ్లు వస్తే తాగారు. తెలిసినవాళ్లు నన్ను చూసి ఎండలోకే నడిచిపోయారు. మీ బావగారి ఫోటో కింద నిండు కుండలు పెట్టుకుని ఏడ్చాను.

ఒక్కటి అడుగుతాను. నువ్వు బెల్లం దొంగిలించినప్పుడు, నా పలక పగలగొట్టినప్పుడు, బడి ఎగ్గొట్టి కాలవలో ఈతకొట్టినప్పుడు, 'వాత పెడతారా' అని నేను అనని రోజు ఉందా? నీ ఒంటిమీద నేను పెట్టిన వాత ఒక్కటి ఉంటే చూపించు. ఒక్కటి. ఆ స్టేషనులోనే చూపించు, నేను వచ్చి చేతులు చాపుతాను, కట్టి తీసుకెళ్లమను.

సుబ్బరత్నం


దుమ్ముగూడెం,
12 జూన్ 2024

అక్కయ్యా,

వాత చూపించమన్నావు. చూపిస్తాను. నా కుడిచేతి మీద ఉంది.

ఎలా వచ్చిందో చెబుతాను, చింపెయ్యకుండా చదువు. ఈ నెల మొదట్లో స్టేషనుకు రమ్మని కబురొచ్చింది. నాతో రావడానికి పగిడయ్యగారూ ఇంకో ఇద్దరూ ఇంటికి వచ్చారు. నాగలత పుట్టింటికి వెళ్లింది. రాజ్యశ్రీ అప్పటికి చాలా రోజులుగా నాతో మాట్లాడటం లేదు, గది తలుపు వేసుకుని కూర్చుంది. ఎండలో వచ్చినవాళ్లకు మంచినీళ్లయినా ఇవ్వాలి కదా అని నేనే వంటింట్లోకి వెళ్లి నిమ్మకాయలు కోశాను. నా జన్మలో ఎప్పుడూ కోయలేదు. నిలువునా కోశాను. పిడికిట్లో పెట్టి తొక్క తిరగబడేదాకా పిండాను. మోచేతి దాకా కారింది. తువ్వాలుతో తుడుచుకుని, అలాగే బండి తీసి భద్రాచలం దాకా ఎండలో వెళ్లాను. వెళ్లి నీమీద వాంగ్మూలం ఇచ్చాను.

మర్నాటికి మండడం మొదలైంది. ఆ మర్నాడు పొక్కులు లేచాయి. రసం ఎక్కడెక్కడ కారిందో సరిగ్గా అక్కడే, గీతలు గీతలుగా. తర్వాత గోధుమరంగుకు తిరిగాయి.

నేను వరండాలో కూర్చుని చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంటుంటే రాజ్యశ్రీ బయటికి వచ్చింది. చూసింది. వచ్చి పక్కన కూర్చుని, తన చెయ్యి నా చేతి పక్కన ఆనించి పెట్టింది. అవే చారలు. అదే రంగు. నా మొహంలోకి చూసి, "నీకెవరు పెట్టిండ్రు నాన్నా వాత?" అని అడిగింది.

అక్కయ్యా, వెంటనే లేచి బండి తాళాలు తీశాను.

ఇద్దరం భద్రాచలం దవాఖానాలో చర్మం డాక్టరుకు చూపించుకున్నాం. ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. నిమ్మతొక్క నూనె చేతికి అంటుకుని ఎండ తగిలితే ఒళ్లు కాలినట్టే కాలుతుందట. అంటిన కొద్దీ ఎక్కువ. కొన్ని నెలలకు దానంతట అదే పోతుందట. అమ్మ చెప్పిన గాలి ఇదే. ఆమె దాన్ని గాలి అంది, నేను మూఢనమ్మకం అన్నాను. నీకెందుకు రాలేదో కూడా ఇప్పుడు తెలుస్తోంది. నువ్వు రెండు నొక్కులు నొక్కి వదిలేస్తావు, చేతులు కడుక్కోకుండా గడప దాటవు.

ఫిర్యాదు వాపసు తీసుకున్నాను. కాగితం రాసిచ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే కాబోలు. పెద్దమనుషులను వెంటబెట్టుకుని వైరా వస్తాను. నలుగురిలో నీ కాళ్లు పట్టుకుంటాను. కృష్ణ కాళ్లు కూడా పట్టుకుంటాను. నన్ను క్షమించానని ఒక్క ముక్క రాయి.

నీ తమ్ముడు
అప్పయ్య


వైరా,
7 జూలై 2024

అప్పయ్యా,

ఫిర్యాదు వాపసు తీసుకున్నాక నువ్వు రాసిన మూడు ఉత్తరాలూ అందాయి.

రాజ్యశ్రీ వచ్చిన రోజు సంగతి అది నీకు ఫోన్‌లో చెప్పే ఉంటుంది. చెప్పనిది నేను రాస్తాను. తొలివాన పడింది, చలివేంద్రం రాటలు పీకిస్తున్నాను. బస్సు దిగి, సంచి భుజాన వేసుకుని తిన్నగా అక్కడికే వచ్చింది. నన్ను పలకరించనైనా లేదు. బోర్లించిన కుండ ఒకటి తిప్పి, పక్కింటి పంపు నీళ్లు పట్టుకొచ్చి, బస్టాండు అందరి ఎదుట నా చేత గ్లాసులో పోయించుకుని తాగింది. తర్వాత టీకొట్టు ఆయన దగ్గరికి వెళ్లి రెండు చేతులూ చూపించింది. "మా అత్త కాదన్నా, నిమ్మకాయ. నిమ్మరసం మీద ఎండ తగిలితే గిట్లయితదంట. డాక్టరు చెప్పిండు" అంది. ఆయన టీ వడపోస్తూనే తలూపాడు. "మంచిది బిడ్డా. గట్లనే చెప్పాలె. కాపురం చేసుకునేటోళ్లు గట్లనే చెప్పాలె" అన్నాడు. ఇంటికి నడిచి వస్తూ ఆ మాట నా చెవిలో అరిచి మరీ చెప్పి, వెక్కి వెక్కి ఏడ్చింది.

ఫిర్యాదు వాపసు తీసుకున్నానని రాశావు. మంచిది. ఊరి నోట్లోంచి వాపసు తీసుకోవడానికి ఎక్కడ రాసివ్వాలో కూడా కనుక్కో.

కృష్ణ ఇల్లందులో గది కిరాయికి తీసుకున్నాడు. అక్కడి స్కూలుకు అడిగి వేయించుకున్నాడు. ఆదివారాలు వస్తాడు. వచ్చి నా పక్కన కూర్చుంటాడు, కూరలు తెచ్చి పెడతాడు, చీకటి పడకముందే వెళ్లిపోతాడు. రాజ్యశ్రీ వడ్డిస్తే తింటాడు గానీ తలెత్తడు. అదేమిట్రా అని నిలదీశాను. పలక మీద రాసి చూపించాడు: 'దాని తప్పు ఏమీ లేదమ్మా. నన్ను కొడుతుంటే మామయ్య మెట్ల మీద నిలబడి చూశాడు. దాని మొహం అచ్చం ఆయనదే.' ఎప్పటికైనా మారతాడేమో నేను చెప్పలేను. ఆ పిల్ల మాత్రం శనివారం రాత్రే వాడికి ఇష్టమైన కూరలు ఏమేం చేయాలో ఆలోచించుకుంటుంది.

పక్కింటి మనవరాలు నిన్న మన నిమ్మచెట్టు కొమ్మ విరిచింది. 'వాత పెడతానే' అని నోటిదాకా వచ్చింది. వాళ్లమ్మ గోడ అవతల నుంచి నన్నే చూస్తోంది. నోరు మూసుకున్నాను. అరవై ఏళ్లుగా నా నోట్లో ఉన్న ముద్దుమాట అది. ఇప్పుడు దాన్ని మింగి తిరుగుతున్నాను.

రాజ్యశ్రీ మచ్చలు పలచబడ్డాయి. నీవి కూడా పోతాయి. కొబ్బరినూనె రాసుకో, ఎండలో చెయ్యి కప్పుకుని వెళ్లు. పిల్ల నా దగ్గర ఉంటుంది. తిడతాను, పని చెబుతాను, నా పక్కలోనే పడుకోబెట్టుకుంటాను. దాని గురించి నువ్వు దిగులు పెట్టుకోకు. పెద్దమనుషులను మాత్రం తీసుకురాకు. మొన్న నా ఉత్తరం చదివి కళ్లజోడు తీసేసిన మనిషి ముందు నువ్వు నా కాళ్లు పట్టుకుంటే, ఆ చూపు మళ్లీ నామీదే ఉంటుంది.

ఇక క్షమించమన్న మాట. నీ మొదటి ఉత్తరం చదివి ఏడ్చాను. నిన్ను ఎత్తుకుని తిరిగిన రోజులన్నీ గుర్తొచ్చాయి. రెండోది చదివి జాలిపడ్డాను, కలం కూడా తీశాను. మూడో దాంట్లోనూ అదే అడిగావు. 'ఒక్క ముక్క రాస్తే నాకు నిద్రపడుతుంది అక్కయ్యా' అన్నావు. అది చదివితే ఒళ్లు మండింది. నీ నిద్ర కోసమా అప్పయ్యా?

రెండు నొక్కులు నొక్కి వదిలేయాలని అమ్మ చెప్పింది. నీకూ చెప్పింది, నువ్వు వినలేదు. నాలో ఉన్నది రెండుసార్లకే వచ్చేసింది. ఇంకా పిండితే తొక్కలోదే వస్తుంది. ఇక రాయకు.

సుబ్బరత్నం